వచ్చిన పత్రిక – ఉన్న పాట

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. అంతర్జాతీయ ఖ్యాతి గల పత్రిక ఒకటి పరదేశంలో తన ప్రాంతీయ కూర్పును ప్రారంభించినప్పుడు ఈ వరుస తారుమారవుతుంది. అది రచ్చ గెలిచి వచ్చిన పత్రిక. దాని పేరు చదువరులలో పలువురికి ముందే తెలుసు. అక్షరాల తీరు, ముఖచిత్రపు హంగు, వెనుకటి కీర్తి అన్నీ సిద్ధంగా ఉంటవి. ఇక గెలవవలసినది క్రొత్త ఇల్లు. ఆ ఇంటిలోని మనుష్యులు ఏమి పాడుకొంటున్నారో వినగల చెవిని మాత్రం ఎవరూ మూటగట్టి పంపలేరు. సంగీతానికీ సంస్కృతికీ అంకితమైన పత్రిక విషయంలో ఈ చిక్కు మరింత పెద్దది. బంగారం ధరను ఏ దేశంలోనైనా ఒకే తూకంతో చెప్పవచ్చును. పాటకు అట్టి తూకం లేదు.

2008 మార్చిలో "రోలింగ్ స్టోన్" అనే అమెరికా పత్రికకు భారతీయ కూర్పు ముంబయి నుండి వెలువడినది. మన పాటను గురించి మన భాషలో వ్రాయవలెనని తలచేవారికి ఆ పత్రిక పుట్టుకా, దాని పరదేశయాత్రలూ కొన్ని పాఠాలు చెప్పగలవు.

లెక్క అడిగిన తొలి సంచిక

"రోలింగ్ స్టోన్" తొలి సంచికపై ఉన్న తేదీ 1967 నవంబరు 9. ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో. స్థాపకులు ఇద్దరు. ఒకడు ఇరువది ఒక్క సంవత్సరాల యువకుడు జాన్ వెన్నర్. రెండవవాడు జాజ్ సంగీత విమర్శకుడుగా అప్పటికే పేరు గడించిన రాల్ఫ్ గ్లీసన్. బంధుమిత్రుల వద్ద చేబదులుగా తెచ్చిన 7,500 డాలర్లు వారి పెట్టుబడి. వార్తాపత్రికలకు వాడే సాదా కాగితంపై అది అచ్చయినది. ముఖచిత్రం గాయకుడు జాన్ లెనన్‌ది. పేరులో మడ్డీ వాటర్స్ అనే నల్లజాతి గాయకుని పాట ఉన్నది. దానినుండి పేరు తీసుకొన్న ఇంగ్లండు గాయకబృందం ఉన్నది. బాబ్ డిలన్ పాట కూడ ఉన్నది.

ఆ సంచికలో మన దృష్టిని నిలుపవలసిన వ్యాసం ఒకటి గలదు. ఆ సంవత్సరం జూన్ నెలలో కాలిఫోర్నియాలోని మాంటెరేలో పెద్ద సంగీతోత్సవం జరిగినది. పండిత రవిశంకర్ సితారు, అల్లారఖా తబలా వేలమంది అమెరికను యువకులకు చెవిపండుగ చేసినది అక్కడనే. దాదాపు కళాకారులందరూ ప్రతిఫలం తీసుకొనకుండ పాల్గొన్న ఉత్సవమది. రవిశంకర్‌కు మాత్రం పారితోషికం ముట్టినది. మరి ఉత్సవం మీద వచ్చిన సొమ్ము ఎటు పోయినది? మైకేల్ లైడన్ అనే విలేఖరి ఈ ప్రశ్న వేసి, లెక్కలు ఆరా తీసి తొలి సంచికలోనే వ్రాసినాడు.

పాటను ప్రేమించే పత్రిక పాట చుట్టూ తిరిగే ధనాన్ని గురించి కూడ అడుగవచ్చునని ఆ వ్యాసం చూపినది. అంతకుముందు యువజనుల సంగీతపత్రికలంటే తారల ఇష్టాయిష్టాలు, నిలువెత్తు బొమ్మలు అన్నట్లు ఉండేది. ఆ పత్రిక పేరు నిలిచినది ఈ అడిగే గుణం వల్ల. పరదేశంలో కూర్పు ప్రారంభించేవారు కొనుక్కొనవలసిన సరుకు ఏదైనా ఉన్నదంటే అది ఇదే. అయితే ఏ ఒప్పందపత్రంలోనూ దానికి ధర వ్రాసి ఉండదు.

లండన్ నేర్పిన పాఠం

పత్రిక పుట్టిన రెండేండ్లకే, 1969లో, లండన్‌లో బ్రిటిషు కూర్పు ప్రారంభమైనది. ఆ పనిలో వెన్నర్‌కు భాగస్వామి మరెవరో కాదు, రోలింగ్ స్టోన్స్ బృందపు గాయకుడు మిక్ జాగర్. ఎవరి పాటను తూచవలెనో వారే తక్కెడ కొనుటకు సొమ్ము పెట్టినట్లయినది. పైగా లండన్ కార్యాలయంలోని యువకుల అభిరుచి ఒకటి, శాన్‌ఫ్రాన్సిస్కో సంపాదకుని ఆజ్ఞ మరొకటి. ఖర్చులు పెరిగినవి, మనస్సులు కలవలేదు. కొద్ది నెలలలోనే ఆ కూర్పు మూతపడినది. అక్కడ పనిచేసినవారు చేతులు ముడుచుకొనక "ఫ్రెండ్స్" అనే స్వంత పత్రికను నెలకొల్పుకొన్నారు. "రోలింగ్ స్టోన్" పేరుతో బ్రిటిషు కూర్పు మరల రావలెనంటే 2021 వరకు ఆగవలసి వచ్చినది.

1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ బృందం ఉచిత కచేరీ ఏర్పాటు చేసినది. కావలి కాయుటకు మోటారుసైకిళ్ళ ముఠా ఒకటి వచ్చినది. జనసమ్మర్దంలో మెరెడిత్ హంటర్ అనే పదునెనిమిదేండ్ల నల్లజాతి యువకుడు వేదిక ముందే కత్తిపోట్లకు గురియై మరణించినాడు. వెన్నర్ పత్రిక 1970 జనవరి 21 నాటి సంచికలో ఈ దుర్ఘటనను దీర్ఘంగా పరిశోధించి ప్రకటించినది. కచేరీ ఏర్పాటు చేసినవారి బాధ్యతను ఎత్తిచూపినది. నిన్నటి భాగస్వామి అని జాగర్‌ను విడిచిపెట్టలేదు. మొగమోటమి వదలుకొన్నందువల్ల పత్రికకు కలిగినది నష్టం కాదు, గౌరవం.

రెండు దారులు

ప్రాంతీయ కూర్పు ఎట్లు నడుస్తుందో విద్యార్థులు తెలుసుకొనదగినది. మాతృపత్రిక తన పేరునూ, ఆకృతినీ, వ్యాసాలను తిరిగి ప్రచురించుకొనే హక్కునూ స్థానిక ప్రచురణకర్తకు ఒప్పందం మీద ఇస్తుంది; అందుకు రుసుము పుచ్చుకొంటుంది. జీతాలు, అచ్చుకూలి, కాగితం, ప్రకటనల సేకరణ స్థానికుని భారం. లాభం వచ్చినా రాకున్నా పేరుకు కట్టవలసిన రుసుము కట్టవలసినదే. కనుక అన్నిటికంటె చౌకైన పని, పరదేశపు వ్యాసాలను అట్లే అచ్చొత్తుట. ఖర్చుతో కూడిన పని, స్థానికంగా మనిషిని ఊరూరా పంపి వ్రాయించుట.

మొదటి దారిలో గౌరవప్రదంగా నడచిన పత్రికలు లేకపోలేదు. యునెస్కో సంస్థ 1948లో ప్రారంభించిన "కొరియర్" మాసపత్రిక ఒకే విషయాన్ని పెక్కు భాషలలో అందించినది. 1967లో హిందీ, తమిళ భాషలు కూడ ఆ వరుసలో చేరినవి. ప్రపంచాన్ని మన ముంగిటికి తెచ్చుట దాని ఆశయం. అందుకు అనువాదం చాలును. కాని సంగీతపత్రిక పని అంతతో తీరదు. తన ఊరి కచేరీని ఎరుగని సంగీతపత్రికను ఆ ఊరివారు ఎందుకు చదువవలెను?

భారతీయ కూర్పు వచ్చేనాటికి నేల బీడుగా లేదు. స్టేట్స్‌మన్ సంస్థ 1967లో కలకత్తా నుండి ప్రారంభించిన "జూనియర్ స్టేట్స్‌మన్" పదేండ్ల పాటు మన నగర యువకులకు క్రొత్త సంగీతాన్ని పరిచయం చేసినది. 1993లో అలహాబాదు నుండి అమిత్ సైగల్ "రాక్ స్ట్రీట్ జర్నల్" పత్రికను ప్రారంభించినాడు. మహానగరం కాని ఊరిలో, స్వంత పూనికతో, మన దేశపు యువ గాయకబృందాలకు ఒక వేదిక కల్పించినాడు. 2008లో వచ్చిన పెద్ద పేరు ఇట్టి చిన్న పేర్లు దున్నిన పొలంలోనే విత్తనం వేసినది.

ఆ కూర్పు ఇంగ్లీషులో వెలువడినది. ప్రకటనలిచ్చే కంపెనీలకు కావలసిన నగర యువకుడు ఇంగ్లీషు చదువుతాడు. ఇది వర్తకపు లెక్క, తప్పుపట్టుటకు లేదు. కాని ఈ దేశంలో కోట్లమంది పెదవులమీద నిలిచే పాట సినిమా పాట. పల్లె పట్టులలో బ్రతికే పాట కథకులదీ, భజనపరులదీ, డప్పుల వారిదీ. ఇవి ఇంగ్లీషులో పాడబడవు. వీనిని గురించి ఇంగ్లీషులో వ్రాయవచ్చును గాని, పాడినవాడు ఆ వ్రాతను చదువుకొనలేడు. తనను గురించి ఏమి వ్రాసినారో తెలియని కళాకారుడు దానిని ఒప్పుకొనలేడు, కాదనలేడు.

మన వాకిట జరిగిన పని

సంగీతాన్ని కాగితం మీదకు ఎక్కించుటలో తెలుగుభాషకు ఒక గొప్ప చరిత్ర ఉన్నది. ముత్తుస్వామి దీక్షితుల వంశీయుడైన సుబ్బరామ దీక్షితులు 1904లో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే మహాగ్రంథాన్ని ప్రకటించినాడు. అచ్చయిన చోటు తమిళదేశంలోని ఎట్టయపురం సంస్థానం, గ్రంథభాష తెలుగు. ఆ కృషికి పురికొల్పినవారిలో చిన్నస్వామి మొదలియారు ముఖ్యుడు. మన సంగీతాన్ని ఐరోపా స్వరలిపిలో వ్రాసి లోకానికి అందించవలెనని ఆయన అంతకుముందే పాటుపడినాడు. సుబ్బరామ దీక్షితులు తెలుగు అక్షరాలతో స్వరాలు వ్రాసి, గమకాలకు వేరువేరు గుర్తులు ఏర్పరచి, కీర్తనలను లిపిబద్ధం చేసినాడు. మన రాగానికి గమకం ప్రాణం. పరుల లిపిలో దానికి తగినంత చోటు లేదు. 1961 మొదలుకొని మద్రాసు సంగీత విద్వత్సభ ఆ గ్రంథాన్ని సంపుటాలుగా తమిళంలో ప్రచురించినది. ఒక భాషలోని సంగీతగ్రంథం పొరుగు భాషలోనికి ఇట్లు మర్యాదగా నడచి వెళ్ళినది.

ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. లిపికి వచ్చిన చిక్కే విమర్శకు కూడ వస్తుంది. పరదేశపు పాటను గురించి వ్రాయుటకు పుట్టిన మాటలతో ఒగ్గుకథను, హరికథను, జముకుల కథను గురించి వ్రాయబోతే గమకం జారిపోయినట్లే అసలు విషయం జారిపోతుంది. బుర్రకథలో వంతలు ఇద్దరూ కథకుని మాటను అందుకొనే ఒడుపును చెప్పవలెనంటే ఆ కళాకారుల నోటినుండే మాటలు ఏరుకొనవలెను.

కొలబద్ద ఎవరిది?

భారతీయ కూర్పు ప్రారంభమైన 2008లోనే మాతృపత్రిక నూరుమంది సర్వోత్తమ గాయకుల జాబితా ప్రకటించినది. మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకొన్న పార్సీ యువకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అందులో ఉన్నాడు; అతడు పాడినది ఇంగ్లీషులో. భారతీయ భాషలలో పాడి కీర్తి గడించిన గాయకులెవరూ ఆ నూరుగురిలో లేరు. 2023 జనవరిలో రెండు వందలమందితో క్రొత్త జాబితా వచ్చినప్పుడు లతా మంగేష్కర్‌కు 84వ స్థానం లభించినది. ఆమె 2022 ఫిబ్రవరిలోనే దివంగతురాలైనది.

ఆ 2023లోనే, మార్చి నెలలో, కీరవాణి స్వరపరచిన, చంద్రబోస్ రచించిన "నాటు నాటు" పాటకు ఆస్కారు బహుమతి వచ్చినది. ప్రపంచపత్రికలన్నీ ఆ పాటను గురించి వ్రాసినవి. సంతోషించవలసినదే. అయితే బహుమతి వచ్చిన తరువాత వ్రాయుటకు ప్రాంతీయ కూర్పు అక్కరలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోనో న్యూయార్కులోనో కూర్చుండి వ్రాయవచ్చును. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ రాకమునుపు, సినిమాలో ఆయన గొంతు వినబడకమునుపు, ఆయన కిన్నెరను గురించి వ్రాయుట స్థానికుని పని. బిరుదుకంటె ముందు వెళ్ళినవాడే విలేఖరి.

పెద్ద పేరు గల పత్రిక మన దేశానికి వచ్చుట కీడని నా అభిప్రాయం కాదు. దానివెంట కొన్ని మంచి అలవాట్లు వస్తవి: వాస్తవాలను సరిచూచుకొనుట, ఛాయాచిత్రానికి రచనతో సమానమైన గౌరవమిచ్చుట, గాయకుని వ్యాపారాన్ని కూడ ప్రశ్నించుట. ఇవి మనం నేర్చుకొనదగినవి. పాటకు విలువ కట్టే పని మాత్రం ఆ పత్రికకు అప్పగించి మనం చేతులు దులుపుకొనరాదు.

పాఠశాలలలో గోడపత్రికలు నడిపే ఉపాధ్యాయులకు ఈ పని కష్టం కాదు. ఒక్కొక్క విద్యార్థిని తన ఊరిలో పాడేవారినో, వాయించేవారినో కలిసి రమ్మనవచ్చును. పేరేమి, వాద్యమేమి, ఎవరివద్ద నేర్చినారు, ఏ ఏ సందర్భాలలో పాడతారు, దానిమీద ఇల్లు గడుస్తున్నదా, పిల్లలు నేర్చుకొంటున్నారా అని అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాయుమనవచ్చును. వ్రాసినదానిని ఆ కళాకారునికే చదివి వినిపించి, తప్పులుంటే దిద్దించి, ఆ తరువాతనే గోడకు అంటించవలెను. ఏ ఒప్పందమూ, ఏ రుసుమూ అక్కరలేని ప్రాంతీయ కూర్పు అది. దానికి చదువరులు కూడ ఆ ఊరిలోనే ఉన్నారు.