రెండో కేబుల్ చేసే పని

ఒక కేబుల్ పోతే ఇంకోటి ఉంటుందిలే అని రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు తగిలించి ఊరుకుంటే నెట్‌వర్క్ గట్టిపడదు, కుప్పకూలుతుంది. ఇన్ని మజిలీల తర్వాత ఆగిపోవాలన్న గడువు ఈథర్నెట్ ఫ్రేమ్‌కు, అంటే కేబుల్లో వెళ్లే డేటా మూటకు, లేదు. అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ సందేశం ఒక కేబుల్లో వెళ్లి రెండోదాంట్లో తిరిగొస్తుంది, మళ్లీ వెళ్తుంది, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. కొత్త సందేశాలూ వచ్చి కలుస్తుంటే కాసేపట్లోనే స్విచ్‌లకు ఊపిరాడదు.

1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ దీనికి విరుగుడు. రెండో దారిని అది మూసి ఉంచుతుంది, మొదటిది తెగినప్పుడే తెరుస్తుంది. పాత పద్ధతిలో అలా తెరవడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. మొదటిది తెగేంత వరకూ డబ్బు పోసి కొన్న రెండో కేబుల్ ఖాళీ.

రెండు కేబుళ్లనూ ఒకే దారిగా లెక్కగట్టమని స్విచ్‌లకు చెబితే? భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్ లారీ బ్లేర్‌తో కలిసి అమెరికాలో పెట్టిన కల్పన కంపెనీ 1990ల తొలినాళ్లలో ఈథర్‌ఛానెల్ పేరుతో చేసింది ఇదే. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. 2000లో ప్రమాణాలు రూపొందించే సంస్థ ఐట్రిపుల్ఈ దీన్నే అందరికీ వర్తించే ప్రమాణంగా తెచ్చింది: లింక్ అగ్రిగేషన్.

చాలామంది పొరబడేది ఇక్కడే. 10 గిగాబిట్ల లింకులు రెండు కలిపితే 20 వస్తుందనుకుంటారు. కానీ ఒక సంభాషణకు చెందిన ఫ్రేములు వరుస తప్పకూడదు. అందుకని పంపేవారి, అందుకునేవారి చిరునామాలను బట్టి స్విచ్ ఒక లెక్క వేసి, ఆ సంభాషణ మొత్తాన్నీ ఒకే కేబుల్‌కు అప్పగిస్తుంది. ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు ఒకే పెద్ద ఫైలు పంపితే 10 దాటదు. వందల మంది ఒకేసారి వాడే చోటే ఆ 20కి అర్థం. అప్పుడైనా చెరిసగం పడుతుందన్న నమ్మకం లేదు.

కేబుల్ తెగి పోర్టు లైటు ఆరితే చిక్కు లేదు, ఆ బరువును రెండోది వెంటనే ఎత్తుకుంటుంది. మధ్యలో కన్వర్టర్ లాంటి పెట్టె ఉండి, దాని అవతల తెగితేనే అసలు బాధ. లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫ్రేములు మాత్రం గాల్లో కలుస్తాయి. ఆఫీసులో కొందరికి నెట్ ఉంటుంది, పక్క కుర్చీలో వాళ్లకు ఉండదు. దీన్ని పట్టుకోవడానికే ఎల్ఏసీపీ అనే పద్ధతి ఉంది. రెండు స్విచ్‌లూ ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. 30 సెకన్లకోసారి పలకరించే అమరికలో లోపం బయటపడటానికి 90 సెకన్లు కావాలి, సెకనుకోసారి అయితే 3 చాలు. రెండో అమరికనే ఎంచుకోమంటాను.

ఇంతా చేసి రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌కు తగిలిస్తే, దాని పవర్ సప్లై పోయిన రోజు రెండూ పోతాయి. అందుకే రెండు స్విచ్‌లు ఒక్కటిగా కనిపించే ఎంలాగ్ ఏర్పాటు చేసి, చెరో కేబుల్ ఇస్తారు. ఆ రెండు కేబుళ్లూ ఒకే గొట్టంలోంచి వెళ్తుంటే మాత్రం జేసీబీ ఒక్క వేటుకు రెంటినీ తెంపుతుంది. కాగితం మీది బొమ్మ చాలదు, నడుచుకుంటూ వెళ్లి కేబుళ్ల దారి కళ్లతో చూడాలి. పని లేని రాత్రి ఒకటి పీకి చూడాలి. ఒక లింకు పడిపోతే కబురందేలా అలారం పెట్టుకోవాలి. అది లేని చోట, రెండోది కూడా తెగిన రోజునే మొదటిది ఎప్పుడో పోయిందని తెలుస్తుంది.