రెండో ఆటకు పుట్టిన అభిమానం

పాత హాలీవుడ్ సినిమాల అభిమానిని కదిపితే మాట ఆగదు. హంఫ్రీ బోగార్ట్ వాన కోటు, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ కళ్లు, జేమ్స్ స్టీవర్ట్ తడబడే మాట ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. ఆ ఇష్టాన్ని శంకించాల్సిన పనిలేదు. అయితే ఆ సినిమాలు వచ్చిన 1930, 40లకూ ఈ అభిమానుల వయసుకూ ఎక్కడా పొంతన కుదరదు. వాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. అంటే ఈ తీపి జ్ఞాపకాలు మొదటి విడుదల నాటివి కావు. టీవీలు, చిన్న హాళ్లు మళ్లీ మళ్లీ వేసిన ఆటల్లోంచి పుట్టినవి. తారలను తయారుచేసింది స్టూడియోలే కావచ్చు, వాళ్లను జనం తలపుల్లో నిలిపింది మాత్రం రెండోసారి చూపించినవాళ్లు.

ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’నే తీసుకోండి. 1946లో వచ్చింది. ఐదు ఆస్కార్ నామినేషన్లు దక్కాయి గానీ పెట్టుబడి తిరిగి రాలేదు. కాప్రా తోటి దర్శకులతో కలిసి పెట్టుకున్న లిబర్టీ ఫిల్మ్స్ సంస్థ మరుసటి ఏడే పారామౌంట్ చేతికి పోయింది. ఆ తర్వాత ఈ సినిమాను పట్టించుకున్న నాథుడు లేడు. ఎంతగా అంటే, 1974లో కాపీరైట్ గడువు తీరుతుంటే దాన్ని ఎవరూ పొడిగించనైనా లేదు. అదే దానికి కలిసొచ్చింది. పైసా కట్టక్కర్లేని సినిమా దొరికిందని అమెరికాలోని టీవీ స్టేషన్లన్నీ క్రిస్మస్ రోజుల్లో దాన్ని తెగ వేశాయి. ఇరవై ఏళ్లు తిరక్కుండానే అది లేకపోతే పండగ లేదనేంత వరకూ వచ్చింది. సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు, మారింది అది అందుబాటులోకి వచ్చిన తీరే.

‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ కథ ఇంకా విచిత్రం. 1939లో విడుదలైనప్పుడు అయిన ఖర్చుకు వచ్చిన వసూళ్లు చాల్లేదు. 1949లో మళ్లీ విడుదల చేశాకే ఎమ్జీఎం లాభం కళ్లజూసింది. 1956లో సీబీఎస్ టీవీలో వేసింది, 1959 నుంచి ఏటా వేయసాగింది. పిల్లలు ఆ రోజు కోసం కాచుకునేవారు. ఆ సినిమాకు ప్రాణం, గోధుమ వన్నెలో ఉన్న పల్లె తలుపు తెరవగానే టెక్నికలర్ లోకం విప్పారడం. కానీ అప్పట్లో ఎక్కువ ఇళ్లలో ఉన్నవి బ్లాక్ అండ్ వైట్ సెట్లే. అంటే అసలు అద్భుతం కంటపడకుండానే ఒక తరం ఆ సినిమాను గుండెకు హత్తుకుంది. రంగులు చూడనివాళ్లకు ఏటా తప్పక వచ్చే ఆ ఆటే పండగ.

స్టూడియోలు ఇదంతా ముందుచూపుతో చేశాయనుకుంటే పొరపాటు. టీవీని మొదట్లో పగవాడిలా చూశాయి. 1950ల నడుమ డబ్బు కటకట వచ్చి పాత సినిమాలను గుత్తగా అమ్ముకున్నాయి, మరీ చౌకగా అని తర్వాత నాలుక కరుచుకున్నాయి. టీవీలే కాదు, చిన్న హాళ్లూ ఈ పని చేశాయి. బోగార్ట్ 1957 జనవరిలో చనిపోయాడు. ఆ ఏడే హార్వర్డ్ విశ్వవిద్యాలయం పక్కనున్న బ్రాటిల్ థియేటర్‌లో అతని ‘కాసాబ్లాంకా’ వేశారు. కుర్రాళ్లు ఎగబడ్డారు. పరీక్షల రోజుల్లో బోగార్ట్ సినిమాలు చూడటం అక్కడ ఆనవాయితీ అయింది. తెర మీది మాటలను తెరకన్నా ముందే హాలంతా అప్పజెప్పేది. ‘మాయాబజార్’ మాటలు బట్టీపట్టినవాళ్లున్న మనకు ఇది చెప్పాల్సిన పనిలేదు. 1957 నాటి ఆ సినిమా 2010లో రంగులద్దుకుని హాళ్లకొచ్చినప్పుడు మనమూ చూశాం.

మంచి సినిమా ఎలాగైనా బతుకుతుంది, టీవీలకు అంత ఘనత ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ మాటను థీడా బారా ముందు నిలబెట్టి చూడాలి. ఫాక్స్ సంస్థకు ఆమె మొదటి మహాతార. నలభై దాకా సినిమాలు చేసింది. సిన్సినాటిలో పుట్టిన ఆ అమ్మాయి ఈజిప్టు ఎడారిలో పుట్టిందని ప్రచారం చేస్తే జనం సరదాగా నమ్మేశారు. 1937లో న్యూజెర్సీలోని ఫాక్స్ గోదాము తగలబడింది. ఆ కాలపు నైట్రేట్ ఫిల్ముకు నిప్పంటుకుంటే నీళ్లతో ఆరదు. ఆమె సినిమాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. 1917 నాటి ఆమె ‘క్లియోపాత్రా’లో మిగిలినవి తునకలే. ఆమె నటన గొప్పదో కాదో తేల్చడానికి తగినంత ఆధారం చిక్కదు. ఇక మూకీల నాటి హాస్యనటుడు బస్టర్ కీటన్‌ది దీనికి తలకిందుల కథ. ఖర్చుకు వెనకాడకుండా తీసిన ‘ది జనరల్’ దెబ్బతిన్నాక ఎమ్జీఎం జీతగాడయ్యాడు, మరుగునపడ్డాడు. ఒకప్పుడు అతనిదైన ఇంటిని కొన్న నటుడు జేమ్స్ మేసన్‌కు అక్కడ పాత రీళ్లు దొరికాయి. అవి భద్రపడి, తిరిగి తెరకెక్కాక, 1965లో వెనిస్ ఉత్సవంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొన్ని నెలలకే కీటన్ కన్నుమూశాడు. ప్రతిభ లేనిదే రెండో ఆట రక్తికట్టదు, ఒప్పుకుంటాను. కానీ రీలే లేకపోతే ఆ ప్రతిభ కనపడేది ఎవరికి?

మరి ‘గాన్ విత్ ద విండ్’ మాటేమిటి, అది మొదటి రోజే జగత్తును ఊపేసింది కదా? నిజమే. అయితే దాన్ని కూడా స్టూడియో 1947, 1954, 1961, 1967ల్లో హాళ్లకు తెస్తూనే ఉంది. పైగా అదే సినిమా రెండో ఆటలోని మరో గుణాన్ని బయటపెడుతుంది. 1939 డిసెంబరులో అట్లాంటాలో అట్టహాసంగా తొలి ప్రదర్శన జరిగితే, అందులో మామీగా నటించిన నల్లజాతి నటి హాటీ మక్‌డానియెల్ రాలేకపోయింది, అక్కడి వర్ణవివక్ష చట్టాల వల్ల. మరుసటి ఏడు ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి ఆమే. ఆ రాత్రి కూడా తోటి తారల బల్ల దగ్గర కాదు, దూరంగా వేసిన బల్ల దగ్గర కూర్చోబెట్టారు. 2020లో ఒక స్ట్రీమింగ్ సంస్థ ఈ సినిమాను కొన్నాళ్లు తీసేసి, ముందు ఒక వివరణ చేర్చి మళ్లీ పెట్టింది. అభిమానులు కొందరు మండిపడ్డారు, తమ జ్ఞాపకాన్ని ఎవరో గీరేసినట్టు. సినిమాను మాయం చేసి ఉంటే వాళ్ల కోపంలో న్యాయం ఉండేది. చేసింది మళ్లీ చూపడమే, ఈసారి ఆ బల్లలతో సహా.