జీవక్రియల ఆంగ్ల పదజాలం: తెలుగు మాధ్యమ విద్యార్థి అభ్యసన సమస్య

వ్యాస సంగ్రహం: తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చదివి, వైద్య, అనుబంధ కోర్సుల కోసం ఆంగ్ల మాధ్యమంలోకి వచ్చే విద్యార్థి జీవక్రియల పేర్లన్నిటినీ కొత్త పదాలుగా కంఠస్థం చేస్తాడు. అతనికి ముందే తెలిసిన తెలుగు పారిభాషిక పదాల నిర్మాణం ఈ అభ్యసనకు ఎక్కడ తోడ్పడుతుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పారిభాషిక పదాలు, జీవక్రియలు, సమాసం, ద్విభాషా బోధన, తెలుగు అకాడమి.

1. ఉపోద్ఘాతం

అమీర్‌పేటలో వసతిగృహాలు, శిక్షణ సంస్థలు, పంజగుట్టలో నిమ్స్, అక్కడి నుంచి పైకి వెళితే బంజారా హిల్స్‌లో కార్పొరేట్ ఆస్పత్రులు. ఈ కొద్ది కిలోమీటర్ల మేర, జిల్లాల నుంచి వచ్చి వైద్య, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే విద్యార్థులు ఎందరో కనిపిస్తారు. వీరిలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు చదివిన విషయం ఒకటే, దాని పేర్లు మాత్రం మారిపోయాయి.

ఆ పాత పేర్లు ఆషామాషీగా పుట్టినవి కావు. ఉన్నత విద్యను తెలుగులో అందించే ఉద్దేశంతో 1968లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను వెలువరించింది. కిరణజన్య సంయోగక్రియ, ద్రవాభిసరణ, బాష్పోత్సేకం వంటి మాటలు తరతరాల విద్యార్థుల నోట నిలిచింది ఈ పుస్తకాల వల్లనే. 2017 నుంచి నీట్ పరీక్షను కూడా తెలుగులో రాసే వీలు కలిగింది. అందులోని 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివే. అయితే తెలుగు ఎంచుకున్నవారికి ఇచ్చే పత్రం రెండు భాషల్లో ఉంటుంది. అనువాదంపై సందేహం వస్తే ఆంగ్ల పాఠమే ప్రమాణం. కనుక తెలుగులో రాసేవారికి సైతం ఆంగ్ల పదం తెలియక తప్పదు.

2. సమాసాన్ని విడదీసినట్లు

కిరణజన్య సంయోగక్రియ అనే మాటను తెలుగు విద్యార్థి విడదీయగలడు. కిరణాల చేత జన్యమైనది కిరణజన్యం, తృతీయా తత్పురుషం. కలయిక సంయోగం. ఫోటోసింథసిస్ నిర్మాణమూ ఇటువంటిదే. ఫోటో అంటే కాంతి, సిన్ అంటే కలిపి, థెసిస్ అంటే ఉంచడం. ఈ పదం పుట్టుక కూడా ఆసక్తికరమైనది. 1893లో చార్లెస్ బార్న్స్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫోటోసిన్‌టాక్స్, ఫోటోసింథసిస్ అనే రెండింటినీ ప్రస్తావించి మొదటిదానికే మొగ్గు చూపాడు. లోకం రెండోదాన్ని తీసుకుంది. ఆంగ్లంలోనూ ఈ పదాలు ఎవరో ఆలోచించి కట్టినవేనని తెలిస్తే విద్యార్థికి వాటిపై బెరుకు కొంత తగ్గుతుంది.

కొన్నిచోట్ల తెలుగు పదమే మెరుగు. మైటాసిస్‌కు మూలమైన గ్రీకు పదానికి దారం అని అర్థం. 1882లో వాల్తర్ ఫ్లెమింగ్ ఈ పేరు పెట్టినప్పుడు ఆయన దృష్టి సూక్ష్మదర్శినిలో దారాల్లా కనిపించిన నిర్మాణాలపై ఉంది. విభజన ఫలితం ఏమిటో ఆ పేరు చెప్పదు, మన సమవిభజన చెబుతుంది. మియోసిస్ అంటే తగ్గడం. క్షయకరణ విభజన దానికి సరిగ్గా సరిపోతుంది. మైటాసిస్, మియోసిస్‌లను తారుమారు చేసే విద్యార్థి సమవిభజన, క్షయకరణ విభజనలను తారుమారు చేయడం అరుదు. జెనెసిస్‌తో ముగిసే పదాలు మరింత సులువు. ఆ గ్రీకు ధాతువు, మన జననంలోని ధాతువు ఒకే మూలానివి. స్పెర్మటోజెనెసిస్ శుక్రజననం, ఊజెనెసిస్ అండజననం.

3. తెలిసిన మాటే తప్పుదారి పట్టించే చోట్లు

అసలు చిక్కు పొడవైన, నోరు తిరగని పదాలతో కాదు. ఊళ్లో ఎరువుల దుకాణం బోర్డుపై ఫర్టిలైజర్స్ అని చదివినవాడికి ఫర్టిలైజేషన్ అంటే ఎరువు వేయడమే అనిపిస్తుంది; ఫలదీకరణ స్ఫురించదు. మందుబిళ్లల అట్టపై ఎక్స్‌పైరీ అంటే గడువు తీరడం, ఆస్పత్రిలో ఎక్స్‌పైర్ అయ్యారంటే మరణించడం. శ్వాసవ్యవస్థ పాఠంలో ఎక్స్‌పిరేషన్ కేవలం నిశ్వాసం. ఇన్‌స్పిరేషన్ అక్కడ స్ఫూర్తి కాదు, ఉచ్ఛ్వాసం. ఊపిరి అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచే రెస్పిరేషన్, పెర్స్పిరేషన్, ట్రాన్స్పిరేషన్ కూడా వచ్చాయి. తెలుగులో ఇవి శ్వాసక్రియ, చెమట పట్టడం, బాష్పోత్సేకం. వాటిని కలిపే చుట్టరికం ఏదీ కనిపించదు. పైగా బాష్పం అనగానే మనకు ఆనందబాష్పాలు గుర్తొస్తాయి తప్ప ఆకు నుంచి పోయే నీటి ఆవిరి కాదు.

శ్వాసక్రియ విషయంలో రెండు భాషలూ ఒకే తప్పు చేయిస్తాయి. వాడుకలో శ్వాస అంటే గాలి పీల్చి వదలడం. జీవశాస్త్రంలో రెస్పిరేషన్ ప్రధానంగా కణంలో ఆహారం విచ్ఛిన్నమై శక్తి విడుదల కావడం. ఊపిరితిత్తులు లేని యీస్ట్‌లోనూ అది జరుగుతుంది. మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయన్న బలమైన అపోహ ఈ గందరగోళం మీదే బతుకుతోంది. ఆంగ్లంలో బ్రీతింగ్ అనే వేరే మాట ఉంది. రెస్పిరేషన్ నేర్పే రోజునే దాన్నీ నేర్పాలి. విసర్జనదీ ఇదే కథ. మలమూత్ర విసర్జన అని మనం ఒకే సమాసంలో కలిపేస్తాం. ఆంగ్లంలో మూత్రానిది ఎక్స్‌క్రీషన్, జీర్ణం కాని మిగులుది ఈజెషన్. జీవక్రియల్లో పుట్టిన వ్యర్థాన్ని, అసలు కణాల్లోకే చేరని పదార్థాన్ని వేరుచేసే భేదం అది.

వ్యాకరణం సంగతి కూడా ఒక మాట. తెలుగులో జీవక్రియ పేరుకు జరుగుతుంది అని చేరిస్తే వాక్యం పూర్తవుతుంది. ఆంగ్లంలో జెర్మినేషన్ పక్కనే జెర్మినేట్, రెస్పిరేషన్ పక్కనే రెస్పైర్ ఉంటాయి. నామరూపం ఒక్కటే నేర్చినవారు వాక్యం దగ్గర ఆగిపోతారు.

4. ఇంటి నుంచి, ఆస్పత్రి నుంచి

మాగాయకు ముక్కలు తరిగి ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు ఉంచితే ఊట దిగుతుంది. చుక్క నీరు పోయకపోయినా ఆ ఊట ఎలా వచ్చిందని అడిగి, ఉప్పు గాఢత ముక్కలోని నీటిని బయటికి లాగిందని విద్యార్థి చేత చెప్పించి, ఆ తరువాత ఆస్మాసిస్ అనే మాట ఇస్తే దానికి నిలవడానికి ఒక చోటు దొరుకుతుంది. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ప్రవేశపెట్టిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో తెలుగు, ఆంగ్ల పాఠాలు పక్కపక్కన కనిపిస్తాయి. మంచి ఏర్పాటే. కానీ పదానికి పదం ఎదురుగా ఉన్నంత మాత్రాన రెండింటి కీళ్లు కలవవు. ఆ పని ఉపాధ్యాయుడిదే.

డయాలసిస్ అనే మాట నేడు తెలుగు ఇళ్లలో తెలియనిది కాదు. నిమ్స్ వంటి ఆస్పత్రులకు వచ్చే పల్లెటూరి కుటుంబాలూ దాన్ని తడబడకుండా పలుకుతాయి. అందులోని లసిస్ అంటే విడదీయడమని ఒక్కసారి చెబితే హైడ్రాలిసిస్ నీటితో విడగొట్టడం, గ్లైకాలిసిస్ గ్లూకోజును విడగొట్టడం అవుతాయి. ల్యాబ్‌లో శిక్షణకు చేరిన కొత్తలోనే హీమోలైజ్డ్ శాంపిల్ అన్న మాట ఎదురవుతుంది. హీమో రక్తం, లైజ్డ్ విచ్ఛిన్నమైనది అని అప్పటికే విడదీయగలిగినవారికి, ఎర్రరక్తకణాలు పగిలి వాటిలోని పొటాషియం బయటికి వచ్చిందని, ఆ నమూనాలో పొటాషియం విలువ అసలుకన్నా ఎక్కువ చూపుతుందని, రోగి నుంచి రక్తం మళ్లీ తీయాలని ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.