పోపులపెట్టె వైద్యం ఎంతవరకు?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో జంక్షన్‌గా ఎదిగి, 2003 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు ప్రధాన కేంద్రంగా ఉన్న బిలాస్‌పూర్‌లో, రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలో శొంఠి, మిరియాలు, వాము, పసుపు నేటికీ తొలి మందులే. త్రిఫల చూర్ణానికి కావలసిన కరక్కాయ, తానికాయ, ఉసిరి కూడా ఛత్తీస్‌గఢ్ అడవుల్లో విరివిగా దొరుకుతాయి.

ఈ వైద్యంలో శాస్త్రానికి నిలిచే అంశాలు తక్కువేమీ కావు. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం పేగుల నుంచి రక్తంలోకి అతి స్వల్పంగానే చేరుతుంది. మిరియాల ఘాటుకు మూలమైన పైపెరిన్ తోడైతే మనుషుల రక్తంలో అది దాదాపు 20 రెట్లు పెరిగిందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో ప్రకటించారు. పసుపు పాలలో మిరియం దంచి వేసే అలవాటుకు ఇది బలమైన ఊతమే అయినా, ఆ పరిశోధనలో వాడినది 2 గ్రాముల శుద్ధమైన కుర్కుమిన్ అనీ, చెంచాడు పసుపులో ఉండేది అందులో చిన్న భాగం మాత్రమేననీ మరువరాదు. మిరియాల చారు గొంతుకు హాయినిచ్చి కఫాన్ని పలచబరుస్తుంది గాని, జలుబుకు కారణమైన వైరస్‌ను చంపదు; జలుబు దానంతటదే తగ్గుతుంది.

విరేచనాలు పట్టుకున్నప్పుడు పెద్దలు తాగించే ఉప్పు వేసిన గంజి మాత్రం నిజంగా మెచ్చదగినది. గంజిలోని పిండిపదార్థం పేగుల్లో గ్లూకోజుగా మారి, ఉప్పులోని సోడియాన్నీ, దానితోపాటు నీటినీ శరీరంలోకి లాక్కొస్తుంది. ఓఆర్‌ఎస్ పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి వేలమందిని నిలబెట్టారు. ఓఆర్‌ఎస్ పొట్లం అందుబాటులో లేనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టి కొలిచిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపవచ్చు. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం కనుక ఇక్కడ కంటితో వేసే ఉజ్జాయింపు పనికిరాదు.

పసివారి విషయంలో మరొక జాగ్రత్త తప్పనిసరి. వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించే ఆచారం ఎంత పాతదైనా, ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. తేనెలో ఉండగల బొటులిజం బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబడేటట్లు చేసే విషాన్ని పుట్టిస్తాయి.

అన్నిటికన్నా ఆందోళన కలిగించేది జ్వరం. నేలవేము కషాయం తాగి రెండు మూడు రోజులు చూద్దామనుకోవడం, మలేరియా ఉన్న ప్రాంతంలో ప్రాణాల మీదికి తెస్తుంది. ఫాల్సిపారం రకం మలేరియా ఆ కొద్ది వ్యవధిలోనే మెదడుకు సోకగలదు. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పథకం, అంటే దేశమంతటా ఆశా కార్యకర్తల వ్యవస్థకు దారి చూపిన పథకం, సకాలంలో వైద్యం అందని లోటు తీర్చడానికే పల్లెపల్లెనా ఒక మహిళను ఆరోగ్య కార్యకర్తగా నిలబెట్టింది. చలిజ్వరం కనిపించిన ఇంట, కషాయం పొయ్యి మీద పెట్టేలోపే ఆమెకు కబురు పంపి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్లి, ఆనాడే రక్తపరీక్ష చేయించాలి.