తుపాను ఎక్కడుందో కనపడనివ్వండి

మా అమ్మకు 74 ఏళ్లు. తుపాను రోజున టీవీకి రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మ్యాపులో సరిగ్గా మచిలీపట్నం ఉన్నచోటే ఎర్రటి బ్రేకింగ్ పట్టీ. దాని కింద రెండు స్క్రోలింగులు, పక్కన నగల షాపు ప్రకటన. "ఏ ఊరి దగ్గరరా?" అని నన్నే అడిగింది.

1983లో హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ వార్తలు చదివినప్పుడు తెర మీద ఒక మనిషి, ఒక గొంతు. 2001 సెప్టెంబరు 11న ఉగ్రదాడులు జరిగినప్పుడు అమెరికా చానళ్లు, వచ్చిపడుతున్న సమాచారాన్ని అందించడానికి అడుగున అక్షరాల పట్టీ నడిపాయి. ఆ తర్వాత అది తెర దిగలేదు. కన్ను ఒకటి చదువుతుంటే చెవి ఇంకొకటి వినాలి. రెండూ మాటలే కాబట్టి మనసు ఏదో ఒకటి వదిలేస్తుంది. మా అమ్మ రెండూ వదిలేసి రేడియో పెట్టుకుంది.

చానళ్లవారికి నా విన్నపం: తుపాను రోజైనా మ్యాపు మీది పట్టీలు తీసేయండి.