ఇంట్లో తెలుగు మాట్లాడితే చదువు చెడుతుందా?

తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు ఇళ్లలో ఒక మాట గట్టిగా నాటుకుపోయింది. ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయట, తమిళం, ఇంగ్లీషు రెండూ పాడవుతాయట. అది నమ్మి ఎందరో తల్లిదండ్రులు పిల్లలతో తెలుగు మానేశారు. సిప్‌కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకొచ్చిన తండ్రి కొడుకుతో తనకే సరిగా రాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడి ఊరుకుంటాడు. అవ్వ కత మొదలుపెడితే మనవరాలికి సగం అర్థం కాదు. పైసా ఖర్చు లేకుండా ఇంట్లో రోజంతా సాగాల్సిన చదువును ఇలా చేతులారా ఆపేసి, ఆ తర్వాత ట్యూషన్‌కు డబ్బు కడుతున్నారు.

రెండు మూడు భాషల మధ్య పెరిగినంత మాత్రాన మాటలు ఆలస్యం కావు. పిల్లవాడు "అవ్వా, వాటర్ కొడు" అని మూడు భాషలు కలిపి అన్నాడంటే బుర్ర గందరగోళమైందని కాదు. తెలిసిన మాటల్లో ముందు గుర్తొచ్చింది వాడుకున్నాడు, అంతే. ఎవరితో ఏ భాష మాట్లాడాలో బడి ఈడు వచ్చేసరికి వాడికే తెలిసిపోతుంది. ఒక్కో భాషలో మాటలు తక్కువగా ఉన్నాయనిపిస్తే అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టి చూడండి. ఏడాదిన్నర నిండినా ఒక్క మాటా రాకపోతే మాత్రం తెలుగును నిందిస్తూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి వినికిడి పరీక్ష చేయించండి. ఈ పుకారు వల్ల అన్నిటికంటే పెద్ద నష్టం ఇక్కడే జరుగుతుంది: భాష మీద నెపం వేసి గడిపేసిన నెలలు వైద్యానికి తిరిగి దొరకవు.

ఇక చదువు సంగతి. రెండు భాషలు తెలివిని మొద్దుబారుస్తాయని ఒకప్పుడు పండితులూ నమ్మారు. అయితే 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు పదేళ్ల పిల్లలను పరీక్షిస్తే, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చినవాళ్లే ఒక్క ఫ్రెంచి వచ్చినవాళ్ల కంటే ముందున్నారు. అంత పెద్ద మేలు తర్వాతి పరిశోధనలన్నిటిలోనూ కనిపించలేదు. కానీ ఇంటి భాష చదువును చెడగొడుతుందన్న భయానికి ఆధారం లేదు. పావు, అర, ముప్పావు అంటే ఏమిటో తెలుగులో ఒకసారి అర్థమైన పిల్లకు బడిలో తమిళంలోనో ఇంగ్లీషులోనో కొత్త పేరు నేర్చుకుంటే చాలు, విషయం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. చలికాలంలో అనపగింజలు నానబెట్టి పితికిపప్పు తీసేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. గింజ ఎందుకు ఉబ్బింది, తొక్క ఎందుకు వదిలింది, గ్లాసుడు గింజలకు ఎంత పప్పు వచ్చింది అని అడగండి. సంతలో టమోటా బేరం, చిల్లర లెక్క వాళ్లకే వదలండి. ఆ కబుర్లు మీకు బాగా వచ్చిన భాషలో సాగాలి. మీకే రాని భాషలో అడిగితే రెండో ప్రశ్నకే మాట ఆగిపోతుంది.

మనది కలగలుపు తెలుగు, అసలు తెలుగు కాదనడం ఉత్త మాట. హోసూరు వైపు మాట్లాడే ఈ మొరసునాటి యాసలోనే ఇక్కడి రచయితలు కతలు రాసి పుస్తకాలు వేశారు. పుస్తకాలు కొనలేమన్నదీ నిలవదు: ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లోని తెలుగు కథలే కాదు, ఆంధ్ర, తెలంగాణ పాఠ్యపుస్తకాలు కూడా ఫోనులోనే ఉచితంగా దొరుకుతాయి.

బడిలో తెలుగు లేకపోతే చదవడం, రాయడం రాదన్న మాటను మాత్రం కొంత ఒప్పుకోక తప్పదు. 2006 నాటి చట్టంతో తమిళనాడులో ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. తెలుగు పిల్లలు మినహాయింపు కోసం కోర్టుల దాకా వెళ్లాల్సి వచ్చింది. బడిలో తెలుగుకు గంటలు తగ్గాయి, నిజమే. మాట వింటూ ఉంటే వస్తుంది, అక్షరం అలా రాదు. కాబట్టి రోజూ ఒక పావుగంట దానికే కేటాయించండి. తమిళం చదవడం వచ్చిన పిల్లలకు అ ఆల నుంచి గుణింతాల దాకా వల్లె వేయించక్కర్లేదు. తమిళంలో ఒకే అక్షరంతో సరిపెట్టే క-గ, ట-డ, త-ద, ప-బ జంటల దగ్గర వాళ్లు తడబడతారు. వాటితో మొదలుపెట్టండి, ఒత్తులు తర్వాత చూసుకోవచ్చు. కృష్ణగిరి బస్టాండులో కుప్పం బస్సు బోర్డు, తిరుపతి లడ్డు సంచి మీది అక్షరాలు, అవ్వ పేరు, ఇంటి సరుకుల చీటీ చదివించండి. ఆ చీటీ వారానికోసారి వాళ్లచేతే రాయించండి. తప్పులు ఎర్రసిరాతో దిద్దకండి, దుకాణంలో సరుకు సరిగ్గా వచ్చిందో లేదో వాళ్లనే చూసుకోమనండి. తెలుగు అక్షరాలు పట్టుబడితే కర్ణాటక సరిహద్దులోని అత్తిబెలె చేరగానే కనిపించే కన్నడ బోర్డులను కూడా కొద్ది శ్రమతో చదివేస్తారు.

ఇంట్లో నేర్పుతున్నాం కదా అని బడిని వదిలేయకండి. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. తెలుగు టీచరున్న బడి దగ్గరలో ఉంటే, పిల్లను చేర్చే రోజే తెలుగు కావాలని రాతపూర్వకంగా అడగండి. మీ వీధిలోని మిగతా తెలుగువాళ్ల సంతకాలూ దాని మీద పెట్టించండి.