కోడె పళ్లు చెప్పే లెక్క

సంతలో కోడెను కొనేముందు మనం పెదవి ఎత్తి పళ్లు చూస్తాం. అమ్మేవాడు ఎన్ని ఒట్లు పెట్టినా, దేవుడు దవడలో వ్రాసిన లెక్కనే నమ్ముతాం.

పశువుకు ముందు పళ్లు క్రింది దవడకే ఉంటాయి, మొత్తం 8. సుమారు 2 ఏళ్లకు నడిమి పాలపళ్లు రెండూ ఊడి వెడల్పైనవి వస్తాయి. అదే రెండు పళ్ల కోడె. జతవెంట జత మారుతూ 4, 5 ఏళ్లకు ఎనిమిదీ కొత్తవవుతాయి. ఆపైన అరుగుదలే గుర్తు. అది మేతనుబట్టి మారుతుంది గనుక కచ్చితంగా చెప్పలేం.

పళ్లు చెప్పేది ధర ఒక్కటే కాదు. లేగదూడ కాళ్ల ఎముకల చివరల దగ్గర మెత్తని పొర ఉంటుంది. ఎముక పొడుగు సాగేది అక్కడే. రెండు పళ్ల ప్రాయంలో తొడ ఎముకలో ఆ పొర ఇంకా గట్టిపడి అతుక్కోదు. అప్పు తీర్చే తొందరలో అప్పుడే బరువు బండి కడితే ఎదిగే కాళ్లు దెబ్బతినవచ్చు. ఆరు పళ్లు వచ్చేదాకా తేలిక పనులే చేయిద్దాం.